మెడలో సిలువ

మొన్న డిసెంబరులో, పత్తి రెండో తీత అయిపోయి మిరప ఇంకా పండుబారని రోజుల్లో, వినుకొండలో మా మందిరంలో యవ్వనస్తుల కూడిక జరిగింది. సాక్ష్యాలు చెప్పే వేళకు మా తండా కుర్రాడు ఒకడు లేచాడు. మెడలో బొటనవేలంత సిలువ, చొక్కా పై గుండీ తీసి అది కనపడేట్టు వేసుకున్నాడు. వాడు చెప్పిన సాక్ష్యం అంతా గుర్తు లేదు గాని, మధ్యలో అన్న ఒక మాట మాత్రం మందిరంలో ఎవరికీ మరుపు రాలేదు. "సిలువంటే సిగ్గుపడేవాళ్ళు మన మధ్యనే ఉన్నారు. ఆదివారం మెడలో ఉంటది, సోమవారం ఎమ్మార్వో ఆఫీసు కాడ సంచిలోకి పోతది" అన్నాడు.

ఎవర్ని అన్నాడో అందరికీ తెలుసు. మాదిగపల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి. కుల ధ్రువపత్రం విచారణకు పోతూ మెడలో గొలుసు తీసిందని వారం ముందే ఎవరో చెప్పుకున్నారు. ఆ అమ్మాయి లేచి నిలబడింది. గట్టిగా కూడా మాట్లాడలేదు. "అన్నా, నీకు ఆ సిలువ ఊరికే వచ్చింది. నేను పెట్టుకుని పోతే మా తమ్ముడి సీటు పోద్ది. నువ్వు పెట్టుకుని పోతే నీకేం పోద్ది?" అని కూర్చుంది. పాస్టరు గారు పాట ఎత్తుకున్నారు. మేం నలుగురం, తెలుగులో ఏదో రాసుకుంటాం అని పేరున్నవాళ్ళం, వెనక వరసలో తల వంచుకుని పాడాం.

ఆ వారంలోనే సంఘపెద్దలు మమ్మల్ని పిలిచారు. ఒకాయన, సిలువ అందరూ వేసుకోవాలని తీర్మానం పెడదామంటాడు. ఇంకొకాయన, అసలు నగే పాపం, సిలువైనా సరే తీసెయ్యమనాలంటాడు. "మీరు రాసేవాళ్ళు గదా, ఏదో ఒకటి తేల్చి రాసివ్వండి" అన్నారు. వాళ్ళకిచ్చిన కాగితం అరపేజీ. దాని వెనకున్న ఆలోచన ఇది. ఇందులో వచ్చే మనుషుల ఆనవాళ్ళు కొన్ని మార్చాం, ఆ అమ్మాయికి ముందే చదివి వినిపించాం.

మేం సుగాలీలం. బొల్లాపల్లి వైపు తండాల నుంచి చదువులకీ కూలికీ వినుకొండ చేరినవాళ్ళం. నగల గురించి మాట్లాడాలంటే మా ఇళ్ళ నుంచే మొదలుపెట్టాలి. ఎందుకంటే మావాళ్ళంత ఒంటినిండా నగ వేసుకున్న మనుషులు ఈ మిరప చేలల్లో ఇంకొకరు లేరు. మా దాదీల జుట్టుకి రెండు చెంపల మీదా వేలాడే ఘుగ్రీలు, మెడకి వెండి హాస్లీ, మోచేతికి పైనా కిందా తెల్లటి బలియాలు, కాళ్ళకి కడియాలు. బలియాలు ఒకప్పుడు దంతంతో చేసినవి, తర్వాత ఎముకవి, ఆ తర్వాత ప్లాస్టిక్‌వి. అవన్నీ సోకు కోసం పెట్టుకున్నవి కావు. మనిషి పెళ్ళయిందా, మొగుడున్నాడా, ఏ జాతి అన్నది దూరం నుంచే చెప్పేవి. ఎడ్ల మీద ఉప్పూ ధాన్యం మోసుకుంటూ ఊరూరా తిరిగిన జాతికి ఇల్లు లేదు, బీరువా లేదు. ఉన్న ఆస్తి ఒంటి మీదే ఉండాలి. ఆడమనిషి ఒంటి మీద ఉన్న ఆస్తిని కరువొచ్చినా అంత తేలిగ్గా లాక్కోలేరు.

తండాల్లోకి సువార్త వచ్చినప్పుడు, అన్ని చోట్లా కాదు గాని మాకు తెలిసిన చాలా చోట్ల, మొదట పోయింది ఆ వెండే. పెంతెకొస్తు బోధలో నగ ఉండకూడదు. పేతురు పత్రికలో, తిమోతికి రాసిన పత్రికలో ఆడవాళ్ళ అలంకారం గురించి ఉన్న మాటలు చదివి వినిపించేవాళ్ళు. జడలూ బంగారమూ కాదు, సాధువైన మనసు అలంకారంగా ఉండాలన్నది ఆ మాటల సారం. మాలో ఒకరి దాది బాప్తీస్మానికి ముందు రోజు ఘుగ్రీలు విప్పి చెంగులో మూటగట్టుకుని వినుకొండ వచ్చి వెండి కొట్లో పోసింది. కొట్టాయన మచ్చం, మలినం అని లెక్కగట్టి చేతిలో పెట్టిన డబ్బుతో రెండు తెల్ల చీరలు, ఒక బైబిలు వచ్చాయి. ఆమెకు చదువు రాదు. ఆ బైబిలు ఇప్పటికీ ఆ ఇంట్లో ఉంది. వెండి ఎవరి గిన్నెగా మారిందో ఎవరికి తెలుసు?

ఆమె మోసపోయిందని మేం అనం. ఆమే అనలేదు. తాగి కొట్టే మొగుడు మారాడని, దేవరకు మేకల కోసం అప్పులు చెయ్యటం ఆగిందని, తెల్ల చీరలో తన ఒళ్ళు తేలికైందని చెప్పేది. మా ప్రశ్న ఆమె మీద కాదు, ఆమె తర్వాతి వాళ్ళ మీద. ఆమె విప్పిన వెండి అన్యాచారం అయినప్పుడు, ఆమె మనవడి మెడలో రెండు సవర్ల గొలుసుకి అర సవర సిలువ భక్తి ఎట్లా అయింది? నగ అన్నది ముందు గుమ్మంలోంచి వెళ్ళిపోయి, సిలువ రూపంలో దొడ్డి గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. వచ్చింది సరే, మా వెండి రాలేదు, బజారు బంగారం వచ్చింది. మా తండాల్లో ఇప్పుడు పిల్ల పెళ్ళంటే మగపెళ్ళివారు అడిగే లెక్కలో "సిలువ గొలుసు" అని ఒక వస్తువు చేరింది. సుగాలీల్లో ఒకప్పుడు మగవాడే ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకునేవాడు. ఆడపిల్ల తండ్రి అప్పు చేసి సిలువ కొనాల్సిన కాలం క్రీస్తు పేరు మీద వచ్చింది. ఏ నగ మీద ప్రసంగం చెప్పినా దీని మీద చెప్పిన పాస్టరును మేమింకా వినలేదు.

పెళ్ళి తాళి సంగతి వేరు. కేరళ సిరియన్ క్రైస్తవుల్లో తాళి మీద సిలువ వేయించుకోవటం పాత ఆచారం, దాన్ని మిన్ను అంటారు. మన గుంటూరు జిల్లాల్లో కూడా కథోలికులూ లూథరన్లూ చాలామంది పుస్తె మీద సిలువ గుర్తు వేయిస్తారు. అది ఇద్దరి మధ్య గుర్తు, ఊరికి చూపే సాక్ష్యం కాదు. దాని జోలికి మేం పోవటం లేదు.

సిలువను నగగా వేసుకోవచ్చా అన్న మాటకు మొదటి జవాబు చరిత్ర చెబుతుంది. క్రీస్తు తర్వాత సుమారు మూడు వందల ఏళ్ళ పాటు విశ్వాసులు సిలువను బహిరంగ గుర్తుగా పెద్దగా వాడలేదు. చేప బొమ్మ, లంగరు, గొర్రెల కాపరి, ఇవి చెక్కుకున్నారు. కారణం చెప్పాలంటే కష్టం లేదు. రోమా రాజ్యంలో సిలువ బానిసల్నీ తిరగబడ్డవాళ్ళనీ చంపే కొయ్య. క్రీస్తుకు 71 ఏళ్ళ ముందు స్పార్టకస్ తిరుగుబాటు ఓడిపోయాక ఆరు వేల మంది బానిసల్ని రోముకు పోయే బాట వెంట వరసగా సిలువ వేశారు. ఆ బాట మీద నడిచినవాడి మనవడు సిలువను మెడలో వేసుకుంటాడా? రోములో పాలటైన్ కొండ మీద గోడకి గీసిన ఒక ఎగతాళి బొమ్మ దొరికింది. అది సుమారు 200 సంవత్సరం నాటిదంటారు. గాడిద తల ఉన్న మనిషి సిలువ మీద, కింద అలెక్సామెనోస్ అనేవాడు చెయ్యెత్తి మొక్కుతూ. సిలువ బొమ్మల్లో మనకు దొరికిన అతి పాతవాటిలో అదొకటి. దాన్ని గీసింది భక్తుడు కాదు, వెక్కిరించినవాడు.

ఇది మనకు దూరపు కథ కాదు. నిర్మల్‌లో వెయ్యి ఉరుల మర్రి అనే పేరు మన గోండు సోదరులకు తెలుసు. 1860 ప్రాంతంలో రాంజీ గోండునీ, ఆయన వెంట వెయ్యి మందినీ అక్కడి మర్రి కొమ్మలకు ఉరితీశారని చెబుతారు. ఎవరైనా కంసాలి ఆ మర్రిచెట్టుని, ఉరితాళ్ళతో సహా, చిన్న బంగారు లాకెట్టుగా చేసి అమ్మితే మనకు ఎట్లా ఉంటుంది? చెవులకు ఉరితాడు లోలాకులు? మొదట ఒళ్ళు జలదరిస్తుంది. కాసేపాగి ఆలోచిస్తే, ఒక గోండు పిల్ల తన ముత్తాతను మర్చిపోకూడదని ఆ చెట్టు బొమ్మను మెడలో వేసుకుంటే మనం వద్దనలేం. అదే లాకెట్టు ఉరితీసినవాడి మనవరాలు అందంగా ఉందని కొనుక్కుంటే మాత్రం ఊరుకోలేం. వస్తువు ఒకటే. ఎవరు వేసుకున్నారు, ఎందుకు వేసుకున్నారు అన్నదే తేడా. సిలువకీ ఇంతే.

సిలువను మెడలో వేసుకున్నవాళ్ళ గురించి పాతకాలంలో దొరికే ఒక కథ మాకు నచ్చింది. 379 లో, ఇప్పటి టర్కీ దేశంలో మక్రీనా అనే భక్తురాలు చనిపోయింది. కలిగిన ఇంటి బిడ్డ. ఆస్తి వదిలేసి తన ఇంటి దాసీలతో సమానంగా బతికింది. శవానికి బట్ట కట్టబోతే మెడలో సన్నని తాడుకి ఒక ఇనప సిలువ, ఒక ఇనప ఉంగరం కనపడ్డాయి. తమ్ముడు గ్రెగొరీ ఇది రాసిపెట్టాడు. ఆ సిలువను ఆమెకు సేవ చేసిన స్త్రీకి ఇచ్చి, ఉంగరం తాను తీసుకున్నాడు. అప్పటిదాకా ఆమె మెడలో సిలువ ఉందని బయటివాళ్ళకు తెలియనట్టే ఉంది. ఇనుము. అమ్మితే చెంబు నీళ్ళు రావు.

ఇంతవరకు చదివి, నగ పాపం అన్న సంఘపెద్ద మాటే మేం చెబుతున్నామని అనుకోకండి. ఆయన మాటతో మాకు ఇంకా పెద్ద తగువు ఉంది.

నగ వేసుకోవటం ఎవరికి తగును, ఎవరికి తగదు అన్నది ఈ దేశంలో భక్తి విషయం కాక ముందు కులం విషయం. కేరళలో పులయ స్త్రీలు బంగారం కాదు, వెండి కాదు, రాతిపూసల దండలే వేసుకోవాలన్నది కట్టడి. 1915 లో కొల్లం దగ్గర పెరినాడులో అయ్యంకాళి పిలుపు మీద వాళ్ళు ఆ దండలు తెంచి పారేశారు. అక్కడ నగ తీసెయ్యటం స్వేచ్ఛ. మన వినుకొండ మనిషి జాషువా విషయంలో దానికి ఎదురు. 1895 లో ఈ ఊళ్ళో పుట్టాడు. తండ్రి గొల్ల, తల్లి మాదిగ, ఇల్లు క్రైస్తవం. హిందూ పురాణాల మీద పద్యాలు రాస్తున్నాడని ఇటు మందిరం వాళ్ళూ, కులం చూసి అటు పండితులూ ఆయన్ని దూరం పెట్టారు. అట్లాంటి మనిషి కాలికి చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి తన చేతుల్తో గండపెండేరం తొడిగాడు. ఆ రోజు ఆ కాలికి ఉన్న నగను డాంబికం అనగల భక్తుడు ఎవడు? అంటరాదన్న కాలిని పట్టుకుని తొడిగిన నగ అది. 'క్రీస్తు చరిత్ర'కు 1964 లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది గాని, మాకు ఆ అవార్డు కన్నా ఆ పెండేరమే ఎక్కువ గుర్తుంటుంది.

కాబట్టి తరతరాలుగా ఒంటి మీద బంగారం ఉండకూడదని చెప్పిన మనుషులకు, బంగారం దొరికిన మొదటి తరంలోనే అది పాపమని చెప్పటం మాకు న్యాయంగా తోచదు. కూలి తల్లి కూతురు మెడలో సన్నని గొలుసు వేసుకుని కాలేజీకి పోతుంటే అది గర్వమే. ఆ గర్వం మంచిదే.

పైగా బంగారం సిలువ మిరప రైతుకి ఇంకో పని చేస్తుంది. 2021 లో నల్లతామర పురుగు మిరప పూతలో దిగి చేలకు చేలు పోయిన సంవత్సరం గుర్తుందిగా. కౌలుకు చేసిన మా వాళ్ళలో ఒకామె, మాకు కాకీ వరస, మూడోసారి మందు కొట్టటానికి సిలువ గొలుసు తీసుకుని తాకట్టు కొట్టుకి పోయింది. కొట్లో కుర్రాడు సిలువను గీటురాయి మీద గీసి, తూచి, రాళ్ళ బరువు తీసేసి లెక్క చెప్పాడు. ఆమె ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం తినలేదు. యేసయ్యను ముప్ఫై వెండి నాణేలకు అమ్మినవాడిలో, తనలో తేడా ఏముందని ఏడ్చింది. మేం చెప్పిందల్లా ఇదే: "కాకీ, ఆయన పేదల కోసం తన్ను తాను తాకట్టు పెట్టుకున్నవాడు. చేనుకి మందు కావాలంటే ఆ బంగారం ముక్కను ఇయ్యడా?" ఆమెకు ఊరట కలిగిందో లేదో తెలియదు. చేను దక్కలేదు. గొలుసు కూడా విడిపించలేకపోయింది. ఇప్పుడు ఆమె మెడలో నల్ల దారానికి చెక్క సిలువ ఉంది, గుణదల తిరునాళ్ళలో ఎవరో కొని తెచ్చింది. ఆమె కథోలిక్ కాదు. అడిగితే "చెక్కకి ఏ సంఘమూ ఉండదు" అంటుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు: "నువ్వు పెట్టుకుని పోతే నీకేం పోద్ది?"

ఏమీ పోదు. ఇది మా వాళ్ళలో చాలామంది ఎప్పుడూ ఆలోచించని సంగతి. 1950 లో రాష్ట్రపతి ఉత్తర్వులు రెండు వచ్చాయి, ఒకటి షెడ్యూల్డు కులాలకు, ఒకటి షెడ్యూల్డు తెగలకు. కులాల ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందూ మతం కాక వేరే మతం పాటించేవాళ్ళు షెడ్యూల్డు కులం కిందికి రారని దాని అర్థం. 1956 లో సిక్కుల్నీ, 1990 లో బౌద్ధుల్నీ అందులో చేర్చారు. క్రైస్తవుల్నీ ముస్లిముల్నీ చేర్చలేదు. తెగల ఉత్తర్వులో అట్లాంటి పేరానే లేదు. అందుకే సుగాలీ సిలువ వేసుకున్నా, సేవాలాల్‌కు భోగ్ పెట్టినా, రెండూ చేసినా ఎస్టీనే. మాదిగ సిలువ వేసుకుంటే కాగితం మీద బీసీ-సీ అవుతాడు. ఆ గ్రూపుకి మన రాష్ట్రంలో ఒక్క శాతం రిజర్వేషను. రెండు తరాలుగా ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే రొట్టె తిన్న ఇద్దరిలో, ఒకరి సిలువకు ధర లేదు, ఒకరి సిలువకు తమ్ముడి సీటంత ధర ఉంది.

సీటొక్కటే కాదు. 2025 ఏప్రిల్లో మన హైకోర్టు, క్రైస్తవంలోకి మారి పాస్టరుగా ఉన్న మనిషికి ఎస్సీ హోదా ఉండదని, కులం పేరుతో తిట్టారని ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద అతను పెట్టిన కేసు చెల్లదని తీర్పు చెప్పింది. తిట్టేవాడు మతం చూసి తిట్టడు. మాదిగను మాదిగ అనే తిడతాడు, మెడలో ఏముందో ఎవడూ చూడడు. తిట్టుకి లేని మూడో పేరా చట్టానికి ఉంది.

ఇక్కడ మా వాళ్ళు కొందరు అడుగుతారు. అయితే ఆ అమ్మాయి చేసింది అబద్ధం కాదా? ఆదివారం ఒకటి, సోమవారం ఒకటి? సులువుగా దాటెయ్యలేని ప్రశ్నే. సత్యం చెప్పమన్న దేవుణ్ణి కొలిచేవాళ్ళకు కాగితం మీద ఒక మాట, గుండెలో ఒక మాట ఉండటం భారమే. ఆ భారం ఆ అమ్మాయికి లేదని మాత్రం అనకండి. మాకు చెప్పింది: గొలుసు తీసి సంచిలో వేసుకున్న రోజు రాత్రి నిద్ర పట్టలేదట. ఈ మూడో పేరా తీసెయ్యాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007 లోనే చెప్పింది. తీసేదాకా ఆ ఇంట్లో నిజం చెబితే చదువు పోతుంది, చదువు నిలబెడితే నిజం పోతుంది. ఆ రెండింటి మధ్య పడి ఉన్న పిల్లను, ఏ ఖర్చూ లేకుండా నిజం చెప్పగలిగినవాడు లేచి సాక్ష్యం పేరుతో ఎత్తిపొడిచాడు. అబద్ధం తూకం వెయ్యాలంటే ఆ పిల్ల మాటను ఒక తక్కెడలోనూ, వాడి ధైర్యాన్ని ఇంకో తక్కెడలోనూ పెట్టండి. వాడి ధైర్యం తూగదు. అసలు అది ధైర్యమే కాదు, వాడి జాబితాకి మూడో పేరా లేకపోవటం.

అది కూడా ఎన్నాళ్ళుంటుందో. మతం మారిన గిరిజనుల్ని జాబితా నుంచి తీసెయ్యాలని డిమాండు చేసేవాళ్ళు మన రాష్ట్రంలోనూ సభలు పెడుతున్నారు. అది చట్టమైన రోజు మా కుర్రాడి బొటనవేలంత సిలువ ఎక్కడుంటుంది? మా మెడల్లో ఎన్ని మిగులుతాయి? ఈ ప్రశ్న మా నలుగుర్లో ఒకరినొకరం అడుక్కున్నాం. ఇద్దరు తీస్తామన్నారు, ఒకరు తియ్యనన్నారు, ఒకరు మాట్లాడలేదు. ఎవరు ఏమన్నారో రాయం.

మావాళ్ళు మర్చిపోయిన ఇంకో సంగతి ఉంది. ఎరుకల సోదరులకు సిలువ మొదట ఎట్లా ఎదురైందో వాళ్ళ పెద్దల్ని అడగండి. నేరస్థ తెగల చట్టం కింద పట్టుకొచ్చి, బాపట్ల దగ్గర స్టువార్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ సెటిల్‌మెంటులోనూ, కావలిలో బాప్టిస్టు మిషన్ సెటిల్‌మెంటులోనూ పెట్టారు. హాజరు పిలిచేవాళ్ళు, అనుమతి లేకుండా ఊరు దాటితే శిక్ష. అక్కడ బడి పెట్టారు, పని నేర్పారు, నిజమే. అక్కడే గేటు కూడా ఉండేది. సిలువ ఉన్న మందిరమూ, పేరు పిలిచే చోటూ ఒకే ఆవరణలో. ఆ చట్టం 1952 లో పోయింది. ఒక మనిషి ఒంటి మీద గుర్తు వెయ్యటమూ, ఆ గుర్తును బట్టి వాణ్ణి లెక్కించటమూ ఎంత చేదో మన తెగలకు చెప్పక్కర్లేదు. అందుకే "అందరూ సిలువ వెయ్యాలి" అన్న తీర్మానం మాట వినగానే మాకు మందిరం కాదు, హాజరు పట్టీ గుర్తొచ్చింది.

ఇంగ్లండులోనూ ఈ తగువు జరిగింది. విమాన కంపెనీలో పనిచేసే నాదియా ఎవీడా అనే ఆమె యూనిఫాం మీద చిన్న సిలువ కనపడేట్టు వేసుకుంటానని పట్టుబట్టి, 2013 లో యూరప్ మానవ హక్కుల కోర్టులో గెలిచింది. అదే తీర్పులో షర్లీ చాప్లిన్ అనే నర్సు ఓడిపోయింది. రోగి లాగితే ప్రమాదమన్నది ఆసుపత్రి వాదన. వాళ్ళు సిలువను చూపించుకునే హక్కు కోసం కోర్టుకెక్కారు. మన మాదిగ పిల్లకు కోర్టుకెక్కి సిలువ చూపిస్తే ఆ రోజుతోనే కేసూ సీటూ రెండూ పోతాయి.

సంఘపెద్దలకు మేం ఇచ్చిన కాగితంలో రాసింది ఇంతే. ఏ తీర్మానమూ వద్దు, వెయ్యమనీ వద్దు, తియ్యమనీ వద్దు. ఎవరి మెడ మీదా ఎవరూ సాక్ష్యం చెప్పకూడదు. పెళ్ళి లెక్కలో సిలువ గొలుసు అడిగిన ఇంటికి పాస్టరు గారు ప్రార్థనకు పోకూడదు. ఈ చివరిది చదివి ఇద్దరు పెద్దలు నవ్వారు, ఒకాయనకు కోపం వచ్చింది. ఆయన కొడుక్కి ఫిబ్రవరిలో పెళ్ళి.

మమ్మల్ని మేం అడుక్కుంటే, మాకు తోచింది ఒకటి ఉంది. క్రీస్తు సిలువను ఎత్తుకుని తన వెంట రమ్మన్నాడు, మెడకు కట్టుకుని రమ్మనలేదు. కట్టుకున్నవాళ్ళకు ఎత్తుకోవటం చేతకాదని కాదు. మా మటుకు మేం, ఆ పిల్ల తనది సంచిలో వేసుకోవాల్సి వచ్చినన్నాళ్ళూ, మాది చొక్కా లోపలే ఉంచుకుందాం అనుకున్నాం. బంగారమైతే ఇంట్లో పెట్టేసి దారానికి చెక్కదో ఇనపదో. ఇది ఎవరికీ చెప్పే బోధ కాదు. నలుగురి ఒప్పందం.

కుర్రాడు మాత్రం మా దగ్గరికొచ్చాడు. "అయితే నన్ను తీసెయ్యమంటారా?" అన్నాడు. మేం తీయమనలేదు. "ముందు ఆ ఇంటికి పోయిరా" అన్నాం. పది రోజులు తిప్పుకున్నాడు. మిరప మొదటి కోత మొదలైనాక ఒక సాయంత్రం, కళ్ళు ఇంకా ఘాటుకి ఎర్రగా ఉండగానే, వచ్చి కూర్చున్నాడు.

పోయాడట. అమ్మాయి లేదు, కోతకు పోయింది. వాళ్ళమ్మ మంచం వాల్చి కూర్చోమంది. చెంబుతో నీళ్ళిచ్చింది. ఏం చెప్పాలో తెలియక, మొన్న కూడికలో నోరు జారానమ్మా అన్నాడట. ఆమె ఏమీ అనకుండా కుడి చెయ్యి జాకెట్టు పైకి మడిచి చూపించిందట. మోచేతి కింద పచ్చబొట్టు సిలువ. చిన్నప్పుడు ఊళ్ళోకొచ్చిన ఎరుకలామె పొడిచింది. తీస్తే పోయేది కాదు.

"ఎమ్మార్వో ఆఫీసుకి పోయేటప్పుడే కాదన్నా, ఆమె ఎప్పుడూ పొడుగు చేతుల జాకెట్టే వేసుకుంటదంట. మిరప కోతలో, ఆ ఎండలో కూడా" అన్నాడు వాడు. అని కాసేపు ఊరుకుని, చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు.